కోడిపెంటకు మూడు నెలల గడువు

కోడిపెంట మంచి ఎరువంటారు. మడికి దట్టంగా చల్లి టమాట నారు నాటాం. వారం తిరక్కముందే ఆకుల అంచులు మాడి, మొక్కలు వాలిపోయాయి. ఎందుకు?

మా శాంతిపురం చుట్టుపక్కల ఈ బాధ పడేవాళ్లలో ఎక్కువమంది సేద్యం తెలిసినవాళ్లే. తప్పు వాళ్ల తెలివిలో లేదు, చేతి అలవాటులో ఉంది. పశువుల ఎరువు వేసి వేసి, ఇంత మడికి ఇన్ని గంపలు అన్న కొలత చేతికి పట్టి ఉంటుంది. కోడిపెంట దగ్గరా అదే కొలత పాటిస్తారు. ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూద్దాం.

పశువుల ఎరువులో నత్రజని అర శాతం దగ్గర ఉంటుంది. ఎండిన కోడిపెంటలో దాదాపు 3 శాతం, అంటే ఆరు రెట్లు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న మడికి నాలుగు గంపల పశువుల ఎరువు, అంటే 40 కిలోలు వేస్తే 200 గ్రాముల నత్రజని పడుతుంది. అదీ నెమ్మదిగా, నెలల తరబడి విడుదలవుతుంది. అదే నాలుగు గంపల కోడిపెంట వేస్తే 1,200 గ్రాములు పడుతుంది. యూరియాలో చెప్పాలంటే రెండున్నర కిలోల పైమాటే. ఒక చిన్న మడిలో రెండున్నర కిలోల యూరియా కుమ్మరించి లేత నారు నాటే రైతు ఎవరూ ఉండరు. కోడిపెంట రూపంలో తెలియకుండా అదే జరుగుతోంది.

రెండో కారణం ఆ నత్రజని ఉండే తీరు. కోళ్లకు మూత్రం వేరుగా రాదు. పెంట మీద తెల్లగా సున్నంలా కనిపించే భాగమే వాటి మూత్రం. అందులో ఉండేది యూరిక్ ఆమ్లం. తడి తగలగానే సూక్ష్మజీవులు దాన్ని యూరియాగా, యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. షెడ్డు తలుపు తీయగానే కళ్లు మండేది ఈ అమ్మోనియాకే. మట్టిలో వేరు పక్కన అది పుడితే లేత వేరును కాల్చేస్తుంది. పెంటలోని లవణాలు మరో దెబ్బ. అవి వేరు చుట్టూ చేరితే మట్టిలో తడి ఉన్నా మొక్క దాన్ని పీల్చుకోలేదు. మన ఎర్ర నేలల్లో ఇసుక పాలు ఎక్కువ, పట్టి ఉంచే బంకమన్ను తక్కువ. దానికి తోడు బోరు నీళ్లలో ఉప్పు ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది.

ఇంత చెప్పాక కోడిపెంట మీద భయం పుట్టకూడదు. పక్షుల రెట్ట విలువ లోకం ఎప్పుడో గుర్తించింది. 1840ల నుంచి పెరూ దేశపు దీవుల్లో గుట్టలుగా పేరుకున్న సముద్రపక్షుల రెట్టను ఓడల్లో నింపి ఐరోపా పొలాలకు తరలించారు. మనకు దగ్గర్లో, తమిళనాడులోని వేడంతాంగల్ చెరువు మీద వాలే కొంగలను అక్కడి రైతులు తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. వాటి రెట్ట కలిసిన నీళ్లు వరికి బలమని వాళ్లకు తెలుసు. మన ఇంటి వెనక గంప కింద కోడి వేసేదీ ఆ జాతి ఎరువే. దానికి కావలసింది గడువు.

షెడ్డు నుంచి వచ్చే ఎరువులో సగం ఊకే ఉంటోంది. జల్లెడ పట్టి ఊక తీసేసి, పెంట మాత్రం వాడుకుంటే మేలు కదా?

వద్దు. ఈ ఎరువులో ఊకది సగం పని.

బ్రాయిలర్ షెడ్డులో కోడిపిల్లలను దించే ముందు నేల మీద రెండు మూడు అంగుళాల మందాన వడ్ల ఊక పరుస్తారు. కొన్నిచోట్ల శెనక్కాయ పొట్టు, రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు కూడా వేస్తారు. ఆరు వారాల దాకా కోళ్లు దాని మీదే తిరిగి, దాన్నే కెలికి, దానిలోనే పెంట వేస్తాయి. బ్యాచ్ ఎత్తేశాక ఊడ్చేది ఈ కలగలుపు లిట్టర్‌నే. నామక్కల్ వైపు కనిపించే గుడ్ల కోళ్ల ఫారాల్లో పద్ధతి వేరు. అక్కడ కోళ్లు పంజరాల్లో ఉంటాయి, కింద పడేది ఊక లేని ఉత్త పెంట. గుడ్డు పెంకు గట్టిపడాలని ఆ మేతలో సున్నపురాయి, గవ్వల పొడి కలుపుతారు కాబట్టి ఆ పెంటలో కాల్షియం కూడా ఎక్కువ. కొనేముందు బ్రాయిలర్ లిట్టరా, లేయర్ పెంటా అని అడగాలి. రెండూ ఒకేలా వాడేవి కావు.

ఊక ఎందుకు ముఖ్యమో చూద్దాం. ఎరువును మాగబెట్టేది సూక్ష్మజీవులు. వాటికి ఒళ్లు పెరగడానికి నత్రజని, పని చేసే శక్తికి కర్బనం కావాలి. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కర్బనం దొరికితే వాటి పని చక్కగా సాగుతుంది. ఉత్త పెంటలో ఒక పాలుకు పది పాళ్లే ఉంటుంది. కర్బనం చాలనప్పుడు మిగిలిన నత్రజనిని అవి ఏమీ చేసుకోలేవు. అది అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. ముక్కుపుటాలు అదిరే ఆ ఘాటు వాసన మన ఎరువు బలం ఎగిరిపోతోందనడానికి గుర్తు. ఊకలో కర్బనం దండిగా ఉంది. జల్లెడ పట్టి దాన్ని పారేస్తే, నత్రజనిని పట్టి ఉంచే దాన్నే పారేసినట్టు.

అయితే ఊక ఒక్కటే చాలదు. అందులో ఇసుకలాంటి సిలికా ఎక్కువ ఉండటంతో అది చాలా నెమ్మదిగా చివుకుతుంది. అందులోని కర్బనం సూక్ష్మజీవులకు తొందరగా అందదు. కాబట్టి సులువుగా కుళ్లే ఎండు సరుకు కొంత కలపాలి. మామిడి, కానుగ, వేప ఎండుటాకులు, చెరకు ఆకు, పీకేసిన అనప తీగలు, పట్టుపురుగులు తిని వదిలిన మల్బరీ పుల్లలను చిన్నగా నరికి కలిపినా సరే. రాగి గడ్డి మాత్రం పశువులకే ఉంచండి.

ఇంటి దగ్గర ఎలా మాగబెట్టాలి?

ఎత్తుగా, నీళ్లు నిలవని చోటు చూసుకోండి. బావికీ బోరుకీ దూరంగా ఉండాలి. చెట్టు నీడ దొరికితే మంచిది. మన వైపు ఎండకు దిబ్బ రెండు రోజుల్లో ఎండిపోతుంది, ఎండిన దిబ్బలో ఏ పనీ జరగదు.

దిబ్బ కనీసం మూడున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే లోపల పుట్టిన వేడి బయటికి పోతుంది. ఇంట్లో నాలుగైదు కోళ్లే ఉన్నవాళ్లకు అంత సరుకు ఒకేసారి దొరకదు. గూటి కిందది ఎప్పటికప్పుడు ఊడ్చి, ఎండుటాకుతో కలిపి, తడవకుండా గోతాల్లో దాచి, సరిపడా చేరాకే దిబ్బ వేయండి. పొడిగా ఉన్నంతకాలం అది చెడదు, బలమూ పెద్దగా పోదు.

కింద పుల్లలు పరిచి, ఒక వరస లిట్టర్, దాదాపు అంతే మందాన ఎండుటాకు, పైన చేటెడు చెరువు మన్ను వేయండి. ఇలా వరసలు పేర్చుకుంటూ పోవాలి. చెరువు మన్నులోని బంక అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. ఎర్ర ఇసుక మన్ను ఆ పని అంతగా చేయలేదు. వరస వరసకూ నీళ్లు చల్లాలి. షెడ్డు లిట్టర్ చూడటానికి మెత్తగా ఉన్నా లోపల పొడిగానే ఉంటుంది. 100 కిలోల లిట్టర్‌కు 60, 70 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే ఐదారు బిందెలు. సరిపోయిందో లేదో తెలుసుకోవాలంటే గుప్పెట్లో గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు బొట్లు కనిపించాలి. కారితే ఎక్కువైనట్టు, విడిపోతే తక్కువైనట్టు.

రెండు మూడు రోజుల్లో దిబ్బ వేడెక్కుతుంది. గడ్డపారను మధ్యలోకి దించి పది నిమిషాలు ఉంచి బయటికి తీయండి. మొన పట్టుకోలేనంత వేడిగా ఉంటే లోపల 55 నుంచి 65 డిగ్రీల మధ్య ఉన్నట్టు లెక్క. మనకు కావలసింది ఈ వేడే. మనిషికి విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా, ఈ-కోలై లాంటి క్రిములు ఈ వేడికి నిలవలేవు. అయితే దిబ్బ అంచులు చల్లగానే ఉంటాయి, అక్కడి క్రిములు అక్కడే బతుకుతాయి. అందుకే తిరగేయాలి. బయటిది లోపలికీ, లోపలిది బయటికీ పోవాలి. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం ఇలా పేర్చిన దిబ్బ 15 రోజుల పాటు 55 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి, ఆ లోపు కనీసం ఐదుసార్లు తిప్పాలి. మనం ఇంట్లో అంత గట్టిగా పాటించలేకపోయినా మొదటి నెల వారానికి రెండుసార్లు తిప్పితే దాదాపు ఆ ఫలితమే వస్తుంది. ఈగల బాధ కూడా దీంతోనే తగ్గుతుంది. వేసవిలో ఈగ గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా పెరగడానికి వారం, పది రోజులు చాలు. అంతకన్నా ముందే వేడి మధ్యలో పడితే పురుగు దశలోనే చస్తుంది.

తర్వాత వేడి దానంతట అదే తగ్గుతుంది. ఇక నెలకోసారి తిప్పి, తడి ఆరకుండా చూస్తే చాలు. మొత్తం మీద మూడు నెలలు. శివరాత్రికి దిబ్బ వేస్తే మృగశిర కార్తె నాటికి ఎరువు చేతికొస్తుంది. వానాకాలంలో వేసేవాళ్లు పైన టార్పాలిన్ పట్టో, కొబ్బరి మట్టలో తప్పకుండా కప్పాలి. మనకు నైరుతి వానతో ఆగదు, అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యం వానలూ గట్టిగానే పడతాయి. కప్పని దిబ్బ మీద పడిన వాన నత్రజనినీ పొటాష్‌నూ కడిగి కాలువపాలు చేస్తుంది.

ఒక హెచ్చరిక. పురుగు పోతుందని దిబ్బలో సున్నమో, పొయ్యి బూడిదో చల్లడం చాలా ఇళ్లలో అలవాటు. రెండూ క్షారాలే. పచ్చి పెంటకు క్షారం తగిలితే అమ్మోనియా ఒక్కసారిగా ఎగిరిపోతుంది. బూడిదలో పొటాష్ ఉంది, అది మంచి ఎరువే. దాన్ని విడిగా మొక్కల మొదళ్లలో వేసుకోండి.

మూడు నెలలైనా ఊక ఊకలాగే కనిపిస్తోంది. మాగలేదా?

మాగి ఉండవచ్చు. ఊకను చూసి తేల్చకండి. తిప్పినా మళ్లీ వేడెక్కకపోవడం, అమ్మోనియా ఘాటు పోయి తొలివాన మన్ను వాసన రావడం, పెంట ముద్దలు కనిపించకుండా రంగు నల్లబారడం, ఈ మూడూ కలిస్తే ఎరువు సిద్ధమైనట్టే. మిగిలిన ఊక నేలను గుల్లగా ఉంచుతూ ఏడాది రెండేళ్లలో చివుకుతుంది.

ఇంకా అనుమానం ఉంటే రెండు కొబ్బరి చిప్పలు తీసుకోండి. ఒకదాంట్లో ఉత్త మన్ను, రెండోదాంట్లో సగం మన్ను, సగం ఎరువు నింపి రెండింట్లోనూ చిటికెడు ఆవాలు చల్లండి. ఎరువు చిప్పలో మొలకలు తక్కువగా వచ్చినా, వచ్చినవి పసుపుపచ్చగా, వేరు మొన నల్లగా ఉన్నా మరో నెల ఆగాలి.

ఎంత వేయాలి? ఏ పంటకు?

మాగేటప్పుడు కొంత నత్రజని పోతుంది. మిగిలింది 2 శాతం అనుకుందాం. పది అడుగుల చదరపు మడికి 8 కిలోలు వేస్తే 160 గ్రాములు. అందులో సగం మొదటి పంటకు అందుతుంది. అంటే 175 గ్రాముల యూరియా వేసినట్టు. ఎకరా లెక్కన 35 కిలోల నత్రజని. మామూలు కూరగాయలకు ఇది చక్కటి మొదలు. నాటడానికి రెండు వారాల ముందు పై నాలుగైదు అంగుళాల మన్నులో కలిపి ఒక తడి ఇవ్వండి. మొక్క మొదట్లో కుప్పగా పోయకండి.

మొక్కజొన్న, అరటి, కొబ్బరి, సొర, గుమ్మడి, మల్బరీ, ఇవన్నీ ఆకలి పంటలు. ఇంకొంచెం ఎక్కువ వేసినా తట్టుకుంటాయి. టమాటకు, మిరపకు ఈ లెక్క దాటొద్దు. నత్రజని మించితే చెట్టు గుబురుగా, నల్లపచ్చగా, చూడటానికి నిండుగా పెరుగుతుంది. పూత మాత్రం రాలిపోతుంది. ఆ లేత ఆకు రసం కోసం పేనుబంక, తెల్లదోమ ముసురుకుంటాయి. అనప, అలసంద, శెనక్కాయలు తమ నత్రజనిని తామే గాలి నుంచి తెచ్చుకుంటాయి. వాటికి కోడిపెంట దండగ. వాటి మడికి పశువుల ఎరువు చాలు.

అదే మడికి ఏటా ఇదే ఎరువు వేసేవాళ్లు భాస్వరాన్ని గమనించాలి. కోడిపెంటలో భాస్వరం దాదాపు నత్రజనితో సమానంగా ఉంటుంది. మొక్క తీసుకునే భాస్వరం మాత్రం నత్రజనిలో చిన్న వంతే. నత్రజని కోసం వేస్తూ పోతే భాస్వరం మట్టిలో పేరుకుంటుంది. అప్పుడు జింకు, ఇనుము వేళ్లకు సరిగా అందక లేత ఆకులు పాలిపోతాయి. అమెరికాలో చీసాపీక్ అఖాతం చుట్టూ లక్షల టన్నుల కోళ్ల లిట్టర్ పొలాల్లో చేరి, భాస్వరం నీళ్లలోకి దిగి, నాచు ముంచెత్తింది. 1998లో మేరీలాండ్ రాష్ట్రం పొలాల్లో పోషకాల లెక్కలు తప్పనిసరి చేస్తూ చట్టమే తెచ్చింది. మన పెరటికి అంత ప్రమాదం లేదు. ఒక ఏడు కోడిపెంట, మరుసటి ఏడు పశువుల ఎరువు వేయండి, లేదా గొర్రెల మంద కట్టించుకోండి. రెండేళ్లకోసారి మట్టి పరీక్ష చేయిస్తే ఇంకా మంచిది.

కొత్తిమీర, పుదీనా, ముల్లంగి లాంటివాటికి వాడొచ్చా?

బాగా మాగినది వాడొచ్చు. పచ్చిది ఎన్నటికీ వద్దు. పచ్చిగా తినేవి, మట్టికి తాకుతూ పెరిగేవి ఎక్కువ జాగ్రత్త కోరతాయి. పచ్చి ఎరువు వేసిన నేలలో మట్టిని తాకే పంటను 120 రోజుల దాకా, తాకని పంటను 90 రోజుల దాకా కోయకూడదని అమెరికా సేంద్రియ నియమం. కొత్తిమీర నెలన్నరలో కోతకొస్తుంది. ఆ లెక్కతోనే విషయం తేలిపోతుంది. కోడిపెంట నానబెట్టిన నీళ్లు ఆకుకూరల మీద చల్లడం కూడా ఇదే కారణంతో మానాలి.

ఫారం కోళ్లకు మందులు వాడతారు కదా, జబ్బులూ వస్తాయి కదా? ఆ ఎరువు తెచ్చుకోవచ్చా?

అడగవలసిన ప్రశ్నే. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2017లో ఉత్తరాది రాష్ట్రాల కోళ్ల ఫారాల లిట్టర్‌ను పరీక్షించి, యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా అందులో ఉందనీ, ఎరువు ద్వారా పొలాలకు చేరుతోందనీ చెప్పింది. మనుషులకు చివరి ఆశగా దాచుకునే కొలిస్టిన్ మందును కోళ్లకు, పశువులకు వాడకుండా కేంద్రం 2019 జూలైలో నిషేధించింది. దిబ్బ వేడి ఈ బాక్టీరియాను చాలావరకు తగ్గిస్తుంది. పూర్తిగా తుడిచేస్తుందని మాత్రం చెప్పలేం. తెలిసిన ఫారం నుంచి, ఏ మందులు వాడారో అడిగి తెచ్చుకోవడమే మేలు.

బర్డ్ ఫ్లూ వైరస్ 56 డిగ్రీల వేడిలో మూడు గంటలకు చస్తుంది కాబట్టి బాగా మాగిన ఎరువుతో భయం లేదు. భయమంతా పచ్చి లిట్టర్ ఊళ్లు దాటడంతోనే. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలో ఈ జబ్బు బయటపడినప్పుడు ఆ చుట్టుపక్కల నుంచి కోళ్లు, గుడ్లు, మేత, ఎరువు కదలకుండా కట్టడి చేశారు. అలాంటి వార్త వినిపించిన రోజుల్లో ఎక్కడినుంచీ లిట్టర్ దించుకోకండి. మామూలు రోజుల్లోనూ ఇంట్లో నాటుకోళ్లు ఉంటే, కొత్తగా దించిన దిబ్బ మీదకు వాటిని వదలొద్దు. కొక్కెర తెగులు ఈ దారిలోనూ పెరటికి వస్తుంది. దిబ్బ తిప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

దిబ్బలో బొటనవేలంత లావు తెల్ల పురుగులు వంకర తిరిగి కనిపిస్తున్నాయి. అవేమిటి?

కొబ్బరి చెట్లున్న చోట అవి చాలావరకు కొమ్ము పురుగు పిల్లలు. పెరిగి రెక్కలొచ్చాక కొబ్బరి మొవ్వు తొలిచేస్తాయి. పెంట దిబ్బలే వాటి పుట్టిళ్లు. శెనక్కాయ వేళ్లు కొరికే వేరుపురుగు కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. వేడెక్కే దిబ్బలో ఇవి బతకవు. నెలల తరబడి కదపకుండా వదిలేసిన చల్లని దిబ్బలోనే పెరుగుతాయి. తిప్పేటప్పుడు ఏరి కోళ్లకు వేయండి.

జీవామృతంలో ఆవు పేడ బదులు ఇది కలపవచ్చా?

కలపకండి. జీవామృతంలో పేడ పని పోషకాలివ్వడం కాదు, సూక్ష్మజీవులను తోడు వేయడం. పచ్చి కోడిపెంట నీళ్లలో కలిస్తే అమ్మోనియా పుట్టి ఆ జీవులనే చంపుతుంది.

పాడి ఆవులున్న ఇల్లు మాది. ప్రత్యేకంగా చూసుకోవలసిందేమైనా ఉందా?

ఉంది. పాడి రైతులు దీన్ని తప్పకుండా తెలుసుకోవాలి. షెడ్డు ఊడ్చేటప్పుడు చచ్చిన కోళ్లు లిట్టర్‌లో కలిసిపోతుంటాయి. కుళ్లే ఆ కళేబరంలో బొట్యులిజం విషం తయారవుతుంది. ఆ లిట్టర్ చల్లిన బీడులో మేసిన పశువులు కాళ్లు పడిపోయి, నాలుక వేలాడేసి, జ్వరం కూడా లేకుండా చనిపోయిన ఘటనలు బ్రిటన్, ఐర్లండ్‌లలో ఎన్నో నమోదయ్యాయి. పుంగనూరు ఆవైనా, సంకర జాతి ఆవైనా ఈ విషానికి ఒకటే. లిట్టర్ దించేటప్పుడు కళేబరాలు ఉన్నాయేమో చూసి, ఉంటే ఏరి లోతుగా పూడ్చి సున్నం చల్లండి. దిబ్బ చుట్టూ కంప వేసి కుక్కలు లాగకుండా చూడండి. మేత వేసే కయ్యకు పచ్చి లిట్టర్ వేయకండి. మాగినది వేసినా వెంటనే మన్నులో దున్నేసి, ఆ తర్వాతే గడ్డి పెంచండి. ఆవు వెనక కాళ్లు తడబడుతున్నట్టు కనిపిస్తే ఎరువు విషయం దాచకుండా పశువైద్యుడికి మొదటే చెప్పండి. ఈ జబ్బును గుర్తుపట్టడానికి ఆ ఒక్క సమాచారం చాలా ఉపయోగపడుతుంది.